పడొద్దని చెప్పినోడిని నేనే

నన్ను పనిలోంచి తీసేసింది ఒక మంగళవారం పొద్దున. ఆఫీసులో పదకొండు గంటల టీ రాకముందే తీసేసినారు. పద్దెనిమిదేండ్లు ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ నేర్పినోడికి ఒక టీ పోసి తీసేసుంటే వాళ్ళ సొమ్మేం పోయేదని మా ఆవిడ రాజేశ్వరి ఇప్పటికీ అంటా ఉంటాది. టీ సంగతి నేనెప్పుడో మరిచిపోయినా. తీసెయ్యడం గురించి మాత్రం నాలుగు ముక్కలు రాయాల. కోచింగ్‌లోకి కొత్తగా వచ్చే పిలకాయలు నా దగ్గరికొచ్చి కూర్చుంటే, అటు తిరిగి ఇటు తిరిగి చివరికి అడిగేది అదే. ఫైనల్ పోయినాక మిమ్మల్ని తీసేసినారంట కదా మాస్టర్, నిజమేనా అని.

నిజమే. తీసేసినారు. అన్యాయంగా తీసేసినారని నేను చెప్తానని చూస్తారు వాళ్ళు. నేను చెప్పను. నా తప్పు ఉంది. నేను నేర్పిన ఆట మీద నాకు గర్వమూ ఉంది. రెండూ ఒక్క మనిషిలో ఎట్ట ఉంటాయని అడిగితే, ఉంటాయి, చదవండి.

నా పేరు మునస్వామి. పుట్టింది వాషర్‌మెన్‌పేట్‌లో. మా నాయన బట్టలుతికేవాడు, తాతా ఉతికేవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, గ్రౌండ్‌లో రెండూ కలిపి తిట్లు. ముప్పై ఏండ్లు పేట గ్రౌండ్‌లో పిలకాయలకి ఆట నేర్పినా, అందులో పద్దెనిమిదేండ్లు మద్రాసులో ఒక పెద్ద ఆఫీసు టీమ్‌కి కూడా కోచ్‌గా ఉన్నా. దాని పేరు రాయను, ఆడ ఇంకా నా సావాసగాళ్ళు ఉన్నారు. బాగా ఆడినోడికి ఆ ఆఫీసులోనే ఉద్యోగం ఇస్తారు. ముందు టెంపరరీ, తర్వాత పర్మనెంట్. మా పేటల్లో పుట్టి బంతి తన్నే ప్రతివోడికీ కప్పు కంటే ఆ పర్మనెంట్ కాగితమే పెద్దది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాల. మీరు చెప్పే ప్రతి మాటా వాడి కాలికే కాదు, వాడి ఇంటి పొయ్యికి కూడా తగులుతాది.

తాడు

నాకు ఆట నేర్పింది నాయుడు మాస్టర్. కాళ్ళకి బూట్లు లేకుండా ఆడిన తరం. ఆయన నోట్లోంచి మంచి మాట ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. ఒక రోజు నన్ను పిలిచి, ముందుకొచ్చేవాడి కాళ్ళు చూడొద్దురా, కాళ్ళు అబద్ధం చెప్తాయి, నడుము చూడు, నడుము అబద్ధం చెప్పదు అన్నాడు. ఆ ఒక్క మాట మీద నేను ఎన్నో ఏండ్లు ఆడినా, ముప్పై ఏండ్లు అన్నం తిన్నా.

ఆయన నేర్పనిది ఒకటి నేను కనిపెట్టినా. దాని గురించి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. డిఫెన్స్ అంటే నలుగురు. నలుగురూ మంచి ఆటగాళ్ళయితే చాలదు. ఒకడు ముందుకు పోతే నలుగురూ పోవాల, ఒకడు కుడికి జరిగితే నలుగురూ జరగాల. నోటితో ఎంత చెప్పినా ఇది ఎవుడికీ ఎక్కదు. నేనేం చేసినానంటే, మా నాయన బట్టలారేసే తాడు తెచ్చి నలుగురి నడుములకీ వరసగా కట్టినా. పొద్దున్నే గంటసేపు అట్టనే గ్రౌండంతా తిప్పేవాణ్ణి. చూసినోళ్ళు ఎద్దుల్ని కట్టినట్టు కట్టినాడని నవ్వినారు. ఒకడి అమ్మయితే చేట చేతిలో పట్టుకొనే వచ్చి, నా బిడ్డను కట్టేసి కొడతా ఉన్నావంట, ఏంది కత అని నిలదీసింది.

నెల తిరిగేసరికి తాడు విప్పేసేవాణ్ణి. విప్పినాక కూడా నలుగురూ తాడు ఉన్నట్టే జరిగేవాళ్ళు. అబ్బ, అది చూడాల మీరు! ఎదుటి టీమ్ వాళ్ళు తలుపు కోసం గోడ తడుముకున్నట్టు అటూ ఇటూ తిరిగి బంతి వెనక్కి ఇచ్చుకునేవాళ్ళు. గోల్ వేసినోడి ఫోటో పేపర్లో పడేది. నాకు మాత్రం ఆ వెనక్కి ఇచ్చుకున్న బంతి చూస్తే కడుపు నిండిపోయేది.

తాడుతో ఒక చిక్కు ఉంది. కట్టుకున్నోళ్ళలో ఒకడు పడితే మిగతా ముగ్గుర్నీ లాక్కొని పడతాడు. అందుకని నా దగ్గర మొదటి రూలు, పడొద్దు. బంతి కోసం నేల మీద జారుకుంటా పోయి కాలు చాపి తీస్తారు చూడండి, స్లైడింగ్ అంటారు. మేము పడటం అంటాం. నా దగ్గర ఎవుడూ పడకూడదు. నిలబడి ఆడాల, నిలబడి తీయాల. పడినోడికి గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు.

గోపి తొడ

ఆ రూలుకి తాడు ఒకటే కారణం కాదు. అసలు కారణం గోపి.

గోపి నా ఈడువోడు, పక్క సందు. నేనూ వాడూ నాయుడు మాస్టర్ దగ్గర ఒకే రోజు చేరినాం. మా గ్రౌండ్ ఎర్రమట్టి. గడ్డి అనేది దాని మొహాన లేదు. కంకర, గాజుపెంకులు, మేకులు, ఏది కావాలన్నా దొరికేది. ఒక మ్యాచ్‌లో గోపి బంతి కోసం పడినాడు. మట్టిలో సీసా పెంకు ఉండింది. తొడ మోకాలి దగ్గర్నుంచి పైదాకా చీరుకుపోయింది. నా చొక్కా విప్పి కట్టి, రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయినా. రిక్షా అడుగంతా నెత్తురు. చీము పట్టి నెలల తరబడి మంచంలో ఉన్నాడు. నడక వచ్చింది గానీ కుంటు పోలేదు. మల్ల ఆడలేదు. మా అందరిలోకీ మంచి ఆటగాడు వాడు.

నేను కోచ్ అయినాక కొత్తగా వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు గోపి కత చెప్పేవాణ్ణి. చెప్పినాక ఎవుడూ పడేవాడు కాదు. నన్ను నమ్మి పంపించిన పిలకాయల తొడలు నేను కాపాడినా. ముప్పై ఏండ్లలో నా దగ్గర ఆడి కుంటోడై ఇంటికి పోయినోడు ఒక్కడూ లేడు. ఇప్పటికీ దీన్ని గర్వంగానే చెప్తా.

కానీ ఒకటుంది. ఏ రూలైనా ఒక నేల మీద పుడతాది. నేల మారినప్పుడు రూలు సంగతి మల్ల ఒకసారి ఆలోచించుకోవాల. నేను ఆలోచించలేదు.

కురియన్ మాట

మా హెడ్ కోచ్ కురియన్. కేరళాయన. గడ్డి మీద పుట్టి గడ్డి మీద పెరిగినోడు. నాకంటే పదేండ్లు చిన్న. నాకూ ఆయనకూ రోజూ ఏదో ఒక దానికి రగడే, ఆట అయినాక ఒకే టీ కొట్టు. నేను చూసిన హెడ్ కోచ్‌లలో ఆయనే మేలు. ఎందుకంటే ఆయన నా మొహం మీదే చెప్పేవాడు.

ఆ ఏడు లీగ్‌లో మా డిఫెన్స్ రాయి. నలుగురిలో నడి మనిషి, అంటే స్టాపర్, ఏసుదాసు. మేమంతా దాసూ అంటాం. వ్యాసర్‌పాడి పిలగాడు. వాళ్ళ నాయన లారీల్లో మూటలు మోసేవాడు, పోయినాడు. అమ్మ నాలుగిండ్లలో పాచిపని చేసేది. దాసు చిన్నప్పటి నుంచి నా దగ్గరే. నా తాడు కట్టుకున్నోళ్ళలో వాడంత చక్కగా జరిగినోడు లేడు. ఆఫీసులో టెంపరరీగా ఉన్నాడు. ఫైనల్ అయినాక పర్మనెంట్ కాగితం ఇస్తామని ఆఫీసోళ్ళు చెప్పినారు.

ఫైనల్ పెద్ద స్టేడియంలో. పచ్చ గడ్డి, పొద్దున్నే నీళ్ళు కొడతారు. రెండు వారాల ముందు కురియన్ నన్ను పక్కకి పిలిచి, గడ్డి మీద బంతి మన మట్టి మీద లాగా ఎగిరి నిదానించదు, పాములాగా జారిపోతాది, నీ నలుగురికీ పడటం నేర్పాల, స్టేడియంలో నాలుగు పూటలు నేను ఇప్పిస్తా అన్నాడు. నాకు రోషం వచ్చింది. నీకు గోపి తెలుసా అని అడిగినా. ఆయన తల పట్టుకున్నాడు. గోపి గాజుపెంకు మీద పడినాడు మునస్వామీ, స్టేడియంలో గాజుపెంకు యాడుంది అన్నాడు. నేను వినలేదు. లీగంతా నిలబడే గెలిచినాం, ఫైనలూ నిలబడే గెలుస్తాం అని వచ్చేసినా.

ఇది మీరు రెండుసార్లు చదవండి. నాకు ఎవురూ చెప్పలేదని కాదు. చెప్పినారు.

జానెడు

ఫైనల్ ఎనభై నిమిషాల దాకా సున్నా సున్నా. మావోళ్ళు తాడు కట్టినట్టే జరుగుతా ఉన్నారు. నేను గీత పక్కన నిలబడి, ఇంకొక పది నిమిషాలు, ఇంకొక పది నిమిషాలు అని గొణుక్కుంటా ఉన్నా.

వాళ్ళ ఎడమ వైపు పిలగాడు ఒకడు మా కుడి బ్యాక్‌ను దాటి లోపలికొచ్చినాడు. గోల్ ముందు నుంచి అడ్డంగా బంతి తన్నినాడు. అవతలి వైపు వాళ్ళ ఫార్వర్డ్ ఒకడు కాచుకొని ఉన్నాడు. మధ్యలో దాసు. మా ఎర్రమట్టి మీదైతే ఆ బంతి రెండు ఎగుర్లు ఎగిరి మెత్తబడేది, దాసు రెండడుగులేసి తీరుబాటుగా తీసేసుండేవాడు. గడ్డి మీద అది సర్రుమని పోయింది. దాసు రెండడుగులు వేసినాడు. నేను నేర్పినట్టే, వీపు నిటారుగా, నిలబడే. బంతి వాడి బూటుకి జానెడు అవతల నుంచి పోయింది. పడి కాలు చాపుంటే అందేది. అందేదని స్టేడియంలో పల్లీలమ్మే మనిషికి కూడా తెలుసు.

గోల్. ఒకటి సున్నా. అంతే.

మేము బస్సెక్కక ముందే ఆ వీడియో ముక్క ఫోన్లన్నిటికీ పోయింది. దాసు నిటారుగా నిలబడి బంతి పోతా ఉంటే చూస్తా ఉన్నట్టు, దానికి మళ్ళీ ఎవుడో పాట కూడా పెట్టినాడు. విగ్రహం అని పేరు పెట్టినారు వాడికి.

నోరు జారినాక

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నా కత అదే.

డ్రెస్సింగ్ రూములో అందరూ తలలొంచుకొని కూర్చున్నారు. నేను లోపలికి పోయి నేరుగా దాసు ముందు నిలబడినా. ఒళ్ళంతా మండిపోతా ఉంది. ఎవురి మీద మంటో నాకు తెలీదు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు వాడి మీద పోసేసినా.

"ఎందుకు పడలేదురా నువ్వు?"

రూమంతా విన్నారు. కురియన్ విన్నాడు, స్పోర్ట్స్ సెక్రటరీ రంగనాథన్ గారు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. దాసు తలెత్తి నన్ను చూసినాడు. మీరే కద మాస్టర్ పడొద్దన్నారు అని వాడు అనుంటే నేను ఆడనే భూమిలోకి పోయేవాణ్ణి. అనలేదు. మల్ల తలొంచుకొని బూటు తాడు విప్పుకున్నాడు. తక్కిన ముగ్గురు బ్యాకులు నా మొహం చూడకుండా గోడ చూస్తా ఉన్నారు.

బస్సులో కూర్చున్నాక తెలిసొచ్చింది నేనేం చేసినానో. ముప్పై ఏండ్లు పడొద్దని చెప్పినోడిని నేనే, ఎందుకు పడలేదని అడిగినోడినీ నేనే. సిగ్గుతో కాలిపోయినా. ఇంటికి పోయి జరిగిందంతా చెప్పినా. రాజేశ్వరి అంతా విని ఒకటే అడిగింది. ఆ పిల్లోడి కాగితం ఏమవుతాది అని.

మంగళవారం

మీటింగుకి ముందు కురియన్ నన్ను టీ కొట్టు దగ్గర ఆపినాడు. పైవాళ్ళకి ఒక పేరు కావాల, ఒకరిని తీసేస్తేగానీ ఊరుకోరు అని చెప్పినాడు. నువ్వు వాడికి పడమనే చెప్పినావని, వాడే భయపడి నిలబడిపోయినాడని ఒక్క ముక్క చెప్పు, నిన్ను నేను కాపాడుకుంటా అన్నాడు. ఆయన చెడ్డోడు కాదు. నన్ను పోగొట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు. నా రిటైర్‌మెంటుకి ఇంకా మూడేండ్లు ఉన్నాయి. ఈ వయసులో నన్ను ఇంకే టీమూ తీసుకోదు. నాకు ఆశ పుట్టలేదని చెప్తే అబద్ధం. పుట్టింది. మెట్లెక్కతా ఆ ముక్కని తమిళంలో ఒకసారి మనసులో చెప్పుకొని కూడా చూసుకున్నా.

రంగనాథన్ గారు నన్నూ కురియన్‌నీ కూర్చోమన్నాడు. దాసును పొద్దున్నే పిలిచి మాట్లాడినారంట. వాడేమన్నాడో ఆయన కాగితం చూసి చదివినాడు. నా తప్పే సార్, మాస్టర్ సరిగ్గానే నేర్పినారు, నేనే లేట్ అయినాను అన్నాడంట.

ఆ మాట విన్నాక మెట్ల మీద చెప్పుకున్న ముక్కని నేను ఆడనే వదిలేసినా. పర్మనెంట్ కాగితం ముందర పెట్టుకొని, నా పేరు చెప్తే వచ్చేసే కాగితం, వాడు చెప్పలేదు. డ్రెస్సింగ్ రూములో అంతమంది ముందు వాణ్ణి అట్ట అన్నాక కూడా చెప్పలేదు. నేనేం చేసినానని వాడికి నా మీద ఇంత అభిమానం?

రంగనాథన్ గారు అడిగింది తమిళంలో, నేను చెప్పిందీ తమిళంలోనే, ఈడ తెలుగులో రాస్తా ఉన్నా.

"అయితే పిల్లోడు మీ మాట వినలేదా?"

"విన్నాడు సార్. వినబట్టే గోల్ పడింది."

ఆయన కళ్ళద్దాలు తీసినాడు. నేను ఆగలేదు. రూలు నాదని, కురియన్ రెండు వారాల ముందే చెప్పినాడని, స్టేడియం ప్రాక్టీసు ఇస్తానంటే వద్దన్నది నేనేనని, డ్రెస్సింగ్ రూములో వాడి మీద అరిచింది నా తప్పు కప్పుకోవడానికని అన్నీ చెప్పేసినా. కురియన్ బల్ల కింద నా కాలు తన్నినాడు. నేను నా కాలు వెనక్కి తీసుకున్నా.

పది నిమిషాల్లో అయిపోయింది. నన్ను తీసేసినారు. దాసును టెంపరరీగానే ఇంకొక ఏడు ఉంచి చూస్తామన్నారు. బయటికొస్తా ఉంటే టీ ట్రే ఎదురొచ్చింది. చెప్పినా కద.

ఒకటి చెప్తా. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఓడినప్పుడు ఎవురూ పిడికెడు తీసుకోరు, మొత్తం ఒకడి నెత్తిన పెడతారు. మీ నెత్తినా ఒక రోజు పెడతారు. మీదైన పిడికెడు మీరు తీసుకోండి. మీది కానిది తీసుకోవద్దు, అది వట్టి గొప్పతనం కోసం చేసే పని. నేను తీసుకున్నది నాదే.

టార్పాలిన్

మర్నాడు దాసు ఇంటికొచ్చినాడు. కోపంగా వచ్చినాడు. వాకిట్లోనే నిలబడి, నేను చెప్పిన దానికి మీరెందుకు అడ్డం చెప్పినారు మాస్టర్ అని అడిగినాడు. రాజేశ్వరి వాడికి మజ్జిగిచ్చి కూర్చోబెట్టింది. నేను వాడికి క్షమాపణ చెప్పినా. మా వీధిలో కోచ్‌లు క్షమాపణ చెప్పే అలవాటు లేదు, వాడికి ఏం చెయ్యాలో తెలీక గ్లాసులోకి చూస్తా కూర్చున్నాడు.

తర్వాత చెప్పినా. ఇంకొక ఏడుంది మనకి. పడటం నేర్చుకుందాం. నేర్పేదానికి నాకూ రాదు, గోపి పడిన రోజు నుంచి నేను ఒక్కసారీ పడలేదు అని. వాడు నన్ను వింతగా చూసినాడు.

ఎర్రమట్టి మీద నేర్చుకుంటే తొడలు పోతాయి. గడ్డి మాకు ఎవురిస్తారు? అప్పుడు తట్టింది, జారేది మా ఇంట్లోనే ఉంది కదా అని. మా వాళ్ళు బట్టలుతికే తావులో సబ్బునీళ్ళకి కొదవ లేదు. సిమెంటు మీద పెద్ద టార్పాలిన్ పరిచి సబ్బునీళ్ళు పోస్తే వాన కురిసిన గడ్డి దాని ముందు ఎందుకు పనికొస్తాది? టార్పాలిన్ కోసం గోపి దగ్గరికి పోయినా. వాడు పెళ్ళిళ్ళకి షామియానాలు, టార్పాలిన్లు అద్దెకిస్తాడు. ఎందుకురా అని అడిగినాడు. చెప్పినా. చెప్తా చెప్తా గోపి మొహం చూసి భయపడినా, వాడి గాయం గెలికినట్టు ఉంటాదని.

గోపి నవ్వినాడు. తర్వాత నవ్వాపి అడిగినాడు.

"నా తొడ పేరు చెప్పి ముప్పై ఏండ్లు అందర్నీ నిలబెట్టినావంటనే. బంతి ఏమయిందో చెప్పినావా?"

నాకు అర్థం కాలేదు. ఏ బంతి అన్నా. ఆ రోజు నేను పడింది బంతి కోసం కదరా, ఆ బంతి తీసినా, అవతలికి తన్నేసినా, ఆ రోజు మనకి గోల్ పడలేదు, మనం గెలిచినాం అన్నాడు. నా జన్మలో నేను తీసిన బంతుల్లో అదే గొప్పది, నువ్వేమో నెత్తురు ఒకటే చెప్తా వచ్చినావు అన్నాడు.

నిజం. గెలిచినాం. రిక్షాలో వాడు నా చెయ్యి పట్టుకొని అడిగింది, బంతి పోయిందా లేదా అనే. ముప్పై ఏండ్లుగా నేను ఆ కత సగమే చెప్పినా. వాడి నొప్పి చెప్పినా, వాడి గెలుపు ఎగ్గొట్టినా. నా సావాసగాడికి నేను చేసిన అన్యాయం అది, ఫైనల్ కంటే పెద్దది.

గోపి టార్పాలిన్ అద్దె లేకుండా ఇచ్చినాడు, ఒక షరతు మీద. నేర్పేది తనేనని.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టినాం. ఉతికేవాళ్ళంతా పని ఆపి చుట్టూ చేరినారు. ముందు నువ్వు పడరా అన్నాడు గోపి నన్ను. యాభై ఏడేండ్ల మనిషిని, పైగా ముప్పై ఏండ్లుగా పడొద్దు పడొద్దు అని అరిచిన మనిషిని. పరిగెత్తుకుంటా పోయి పడినా. టార్పాలిన్ దాటి, నానబెట్టిన దుప్పట్ల తొట్టి దాకా పోయి తగులుకున్నా. రాజేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. దాసు నవ్వినాడు. ఫైనల్ తర్వాత వాడు నవ్వింది అప్పుడే.

గోపి కుంటుకుంటా అటూ ఇటూ తిరగతా నేర్పినాడు. ఏ కాలు ముందు మడవాల, ఏ పిర్ర మీద పడాల, చెయ్యి కింద పెట్టకుండా ఎట్ట లేవాల. ఇన్నేండ్లూ వాడిలో ఇంత ఆట దాచుకొని షామియానాలు కట్టుకుంటా ఉన్నాడు. నేను తాడు నేర్పినోడినని గొప్పలు పోతా ఉంటే, నా పక్క సందులో ఇంకొక మాస్టర్ ఉన్నాడు. నెల తిరిగేసరికి తక్కిన ముగ్గురు బ్యాకులు కూడా వచ్చినారు. కురియన్‌కి తెలుసు, తెలియనట్టు ఉన్నాడు. ఒక ఆదివారం మాత్రం వచ్చి, గోడ పక్కన నిలబడి చూసి, నాలుగు జతల కొత్త మోకాలి పట్టీలు పెట్టేసి పోయినాడు.

గ్యాలరీ

తర్వాతి ఏడు మల్ల ఫైనల్‌కి వచ్చినారు. నేనూ గోపీ టికెట్టు కొనుక్కొని గ్యాలరీలో కూర్చున్నాం. పద్దెనిమిదేండ్లు గీత పక్కన నిలబడినోడికి గ్యాలరీలో కూర్చోవడం ఎట్ట ఉంటాదో అడగొద్దు. పై నుంచి చూస్తే మాత్రం నా తాడు బాగా కనిపించింది. నలుగురూ ఒక్క మనిషిలాగా జరుగుతా ఉన్నారు. నేను కట్టింది. నేను లేకపోయినా ఉంది.

మావోళ్ళు ఒక గోల్ ముందున్నారు. మూడుసార్లు బంతి దాసు మీదికి వచ్చింది, మూడుసార్లూ వాడు నిలబడే తీసినాడు. మా పక్కనోళ్ళు విగ్రహం, విగ్రహం అని ఎగతాళి చేసినారు. ఆఖరి నిమిషాల్లో అడ్డంగా ఒక బంతి. పోయిన ఏటి బంతి లాంటిదే, పాములాగా. గోపి నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు.

దాసు పడినాడు. సర్రుమని జారి, కాలు చాపి, బంతిని గీత బయటికి తోసి, చెయ్యి కింద పెట్టకుండా లేచి నిలబడినాడు. నిలబడాల్సిన తావులో నిలబడినాడు, పడాల్సిన తావులో పడినాడు. పక్కన చూస్తే గోపి ఏడస్తా ఉన్నాడు. బంతి పోయిందిరా అన్నా వాడితో. పోయింది అన్నాడు.

కప్పు సంగతి పేపర్లో రాసినారు, నేను రాయను. కురియన్ ఫోన్ చేసి మల్ల రమ్మన్నాడు. రానని చెప్పినా. దాసు ఉన్నాడు కదా, వాడికి రెండూ తెలుసు, నాకు ఒకటే తెలుసు అన్నా. ఇప్పుడు ఎర్రమట్టి గ్రౌండ్‌లో కొత్త పిలకాయలకి మొదటి రోజు గోపి కత చెప్పేది గోపే. మొత్తం చెప్తాడు, కొంచెం ఎక్కువే చెప్తాడు.

దాసు పర్మనెంట్ కాగితం తీసుకొని వాళ్ళమ్మతో ఇంటికొచ్చినాడు. కాగితం రాజేశ్వరికి ఇచ్చినాడు. నాకు ఒక కవర్ ఇచ్చినాడు. లోపల ఫైనల్‌లో వేసుకున్న తెల్ల నిక్కరు. కుడి పక్కన తొడ పొడుగునా పచ్చగా గడ్డి మరక. మా ఇంటికి ఆటగాళ్ళ బట్టలు ఎన్నో వచ్చినాయి, ఎర్రమట్టి మరకలు ఎన్నో వదిలించినాం. పచ్చ మరక మాత్రం ఎప్పుడూ రాలేదు. ఉతకొద్దు మాస్టర్ అన్నాడు దాసు.

అది నా బీరువాలో ఉంది. పండగలకి ఇల్లు దులిపినప్పుడల్లా రాజేశ్వరి దాన్ని తీసి, సబ్బు పెట్టేదా అని అడగతాది. మూడు తరాలుగా బట్టలుతికే ఇల్లు మాది. ఉతకొద్దని నేను పట్టుబట్టిన బట్ట అదొక్కటే.